న్యూరోలిజిన్ మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది, బతుకుతెరువు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో బీఎస్సీ బయోటెక్నాలజీ ఫైనలియర్ చదువుతోంది. కాలేజీ సెమినార్లో మెదడులోని ఇన్హిబిటరీ సైనాప్సుల గురించి మాట్లాడింది. అప్పటి నుంచి న్యూరోలిజిన్-2 అనే ప్రొటీన్ మీదే పరిశోధన చేస్తానని పట్టుబట్టింది. మా బావమరిది అమెరికాలో ఎంఎస్‌కి పంపమంటున్నాడు. ఇంట్లో పెద్దవాళ్లు బీఈడీ చేయించమంటున్నారు. ఆ ప్రొటీన్ ఏమిటో నాకు తెలియదు. దాన్ని నమ్ముకుంటే ఉద్యోగం వస్తుందా అని టెన్షన్‌గా ఉంది. (ఒక తండ్రి, తెనాలి)

జవాబు: ముందు ఆ ప్రొటీన్ సంగతే చెప్తానండీ. అది తెలిస్తే అమ్మాయి పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చో మీకే తెలుస్తుంది.

మెదడులో ఒక న్యూరాన్ (కబుర్లు మోసే కణం) ఇంకో న్యూరాన్‌కి కబురు అందించే చోటును సైనాప్స్ అంటారు. కొన్ని సైనాప్సులు అవతలి కణాన్ని ఉసిగొల్పుతాయి, కొన్ని ఊరుకోబెడతాయి. ఈ రెండో రకమే ఇన్హిబిటరీ సైనాప్సులు. ఇవి సరిగ్గా పనిచేయకపోతే మూర్ఛ లాంటివి రావొచ్చు. ఇక్కడ ఎక్కువగా విడుదలయ్యే రసాయనం పేరు గాబా. అది విడుదలయ్యే చోటికి సరిగ్గా ఎదురుగా, అవతలి కణం పొర మీద గాబా రిసెప్టర్లు, అంటే గాబాను అందుకునే ప్రొటీన్లు గుంపుగా ఉంటేనే కబురు అందుతుంది. ఇంత చిన్న చోట రెండు వైపులా అంత కచ్చితంగా ఎలా కుదురుతుందన్నదే మీ అమ్మాయిని పట్టుకున్న ప్రశ్న.

ఆ కుదుర్చే పనిలో అడ్హిషన్ ప్రొటీన్లది, అంటే ఒక కణాన్ని ఇంకో కణానికి పట్టి ఉంచే ప్రొటీన్లది పెద్ద పాత్ర. కబురు పంపే కణం పొర మీద న్యూరెక్సిన్, అందుకునే కణం మీద న్యూరోలిజిన్ ఉంటాయి. నడుమ ఉన్న సన్నటి సందులో ఈ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. న్యూరోలిజిన్లలో రకాలున్నాయి. మొదటిది ఉసిగొల్పే సైనాప్సుల్లో ఉంటే, రెండోది, అంటే మీ అమ్మాయి చెప్పే న్యూరోలిజిన్-2, ప్రధానంగా ఇన్హిబిటరీ సైనాప్సుల్లో ఉంటుందని 2004లో చూపించారు. దాని తోక కణం లోపలికి ఉంటుంది. అది గెఫిరిన్, కొలిబిస్టిన్ అనే మరో రెండు ప్రొటీన్లను దగ్గరకు తెస్తుందని, గెఫిరిన్ అల్లిక రిసెప్టర్లను అక్కడే నిలిపి ఉంచుతుందని 2009లో తేలింది.

ఈ రంగంలో నాకు బాగా నచ్చిన ప్రయోగం 2000 నాటిది. కిడ్నీ నుంచి వచ్చిన, ల్యాబుల్లో ఏళ్లుగా పెంచుతున్న కణాలను తీసుకుని వాటిలో న్యూరోలిజిన్ జన్యువు పెట్టారు. పక్కనే న్యూరాన్లను పెంచారు. న్యూరాన్ల తీగలు వచ్చి ఆ కణాలను తాకిన చోట, ఎదురుగా ఉన్నది మెదడు కణం కాకపోయినా, కబురు పంపే ఏర్పాటంతా చేసుకున్నాయి. ఒక్క ప్రొటీన్ అంత పని చేయించింది!

దీన్నిబట్టి ఈ ప్రొటీన్లు సైనాప్సును అతికించే జిగురు, అవి లేకపోతే సైనాప్సే పుట్టదు అనుకుంటాం. కానీ 2006లో మూడు న్యూరోలిజిన్లు లేని ఎలుకలను పుట్టించి చూశారు. సైనాప్సుల సంఖ్య పెద్దగా తగ్గలేదు. అయితే అవి సరిగ్గా పనిచేయక, ఊపిరి ఆడక, పుట్టిన కాసేపటికే ఆ పిల్లలు చచ్చిపోయాయి. అంటే ఈ ప్రొటీన్లు సైనాప్సును పుట్టించడం కంటే పనికొచ్చేలా తీర్చిదిద్దడంలోనే ఎక్కువ ముఖ్యం. మీ అమ్మాయి సెమినార్లో ఈ రెండు ప్రయోగాలనూ పక్కపక్కన పెట్టి మాట్లాడిందా అని అడగండి. మాట్లాడి ఉంటే ఈ పిల్లకు పరిశోధన బుర్ర ఉన్నట్టే.

అయితే ఆమెతో నేను ఒప్పుకోని మాట ఒకటుంది. "ఈ ప్రొటీన్ మీదే" అని ఇరవై ఏళ్లకే గీత గీసుకోకూడదు. న్యూరెక్సిన్ 1992లో దొరికింది. సైనాప్సులను కుదిర్చే ప్రొటీన్ కోసం వెతికి పట్టుకున్నది కాదది. నల్ల సాలీడు విషం న్యూరాన్లో దేన్ని పట్టుకుంటుందో చూడబోతే బయటపడింది. 2003లో స్వీడన్ కుటుంబాల్లో ఆటిజం ఉన్న అన్నదమ్ముల్లో న్యూరోలిజిన్-3, 4 జన్యువుల్లో మార్పులు కనిపించాక చాలామంది ఇటు తిరిగారు. తర్వాత ఇన్హిబిటరీ సైనాప్సుల్లోనే స్లిట్రాక్-3 అనే మరో ప్రొటీన్ వచ్చింది, న్యూరోలిజిన్-2కి అడ్డుపడే ఎండీజీఏ-1 వచ్చింది. ఆమె పీహెచ్‌డీ పూర్తయ్యేసరికి ఇంకేం వస్తాయో! ప్రశ్న మీద ప్రేమ ఉంచుకోమనండి, ప్రొటీన్ పేరు మీద కాదు.

ఉద్యోగం దగ్గరికొస్తే, ఏ కంపెనీ కూడా న్యూరోలిజిన్ తెలిసినవాళ్లు కావాలని ప్రకటన ఇవ్వదు. నిద్రమాత్రలు, మత్తుమందులు చాలావరకు గాబా రిసెప్టర్ల మీదే పనిచేస్తాయి. ప్రసవం తర్వాత వచ్చే డిప్రెషన్‌కి 2023లో అమెరికా అనుమతించిన జురానొలోన్ కూడా అంతే. కానీ ఈ అడ్హిషన్ ప్రొటీన్లనే గురిపెట్టిన మందు ఇంకా మార్కెట్లో లేదు. ఆమెకు అన్నం పెట్టేది ఈ పరిశోధనలో నేర్చుకునే చేతిపని. కణాలు పెంచడం, ప్రొటీన్ శుద్ధి చేయడం, కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు కింద గెఫిరిన్ చుక్కలు లెక్కపెట్టడం, ఆ లెక్కలకు కంప్యూటర్ కోడు రాయడం, ప్యాచ్ క్లాంప్ అన్నీ అందులోకే వస్తాయి. ప్యాచ్ క్లాంప్ అంటే మైక్రాన్ మందం మొన ఉన్న గాజు గొట్టాన్ని ఒక్క కణానికి ఆనించి, పికో ఆంపియర్లలో వచ్చే అతి చిన్న కరెంటును కొలవడం. కనిపెట్టినవాళ్లకు 1991లో నోబెల్ వచ్చింది. రోజంతా కూర్చుంటే నాలుగు మంచి కణాలు దొరకొచ్చు, ఒక్కటీ దొరక్కపోవచ్చు. ఆ ఓపిక ఉన్నవాళ్లు తక్కువ, అందుకే గిరాకీ ఉంటుంది. ఇమేజింగ్, సెల్ కల్చర్, డేటా విశ్లేషణ వచ్చినవాళ్లకు హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోనూ పని దొరుకుతుంది.

ఒక సంగతి ముందే మాట్లాడుకోండి. ఈ రంగంలో చాలా ల్యాబుల్లో న్యూరాన్లు ఎలుకల నుంచే వస్తాయి. ఎలుకను చంపి మెదడు తీయడం ఆమెకు కుదురుతుందా? కుదరకపోతే తప్పేం లేదు. ప్రొటీన్ నిర్మాణం, కంప్యూటర్ మోడలింగ్ వైపు వెళ్లొచ్చు. మూడో ఏడు పీహెచ్‌డీలో తెలిసే బదులు ఇప్పుడే తెలిస్తే మంచిది.

ఇక దారి. మంచి చోట ఎమ్మెస్సీ గానీ, ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ (ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపి ఒకే కోర్సు) గానీ చేయించండి. ఐఐటీల ఎమ్మెస్సీకి, బెంగళూరు ఐఐఎస్‌సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ పరీక్ష ఉంది, బయోటెక్నాలజీ ఎమ్మెస్సీలకు గాట్-బీ పరీక్ష ఉంది. బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకి టీఐఎఫ్ఆర్ ప్రవేశ పరీక్ష. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) కొడితే హైదరాబాద్ సీసీఎంబీ, తిరుపతి ఐసర్, మానేసర్‌లోని ఎన్‌బీఆర్‌సీ లాంటి పరిశోధన సంస్థల తలుపు తట్టొచ్చు. జేఆర్‌ఎఫ్ మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు, ఇంటద్దె అలవెన్సు వేరు. కోటీశ్వరులు కాలేరు గానీ మీ జేబులోంచి పోయేదీ ఉండదు.

మీ బావమరిది గారికి ఒక్క మాట చెప్పండి. అమెరికాలో లైఫ్ సైన్సెస్ పీహెచ్‌డీకి మామూలుగా ఫీజు వాళ్లే కట్టి స్టైపెండ్ ఇస్తారు. ఎంఎస్‌కి మాత్రం ఎక్కువగా మనమే అప్పు చేయాలి. మన మూడేళ్ల బీఎస్సీని అక్కడ కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకోవు. కాబట్టి ఇక్కడ ఎమ్మెస్సీ చేసి, నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టుకోవడమే లాభం. బీఈడీ ఎక్కడికీ పోదు, ఎప్పుడైనా చేయొచ్చు.

ఈ ఏడాది చేయాల్సింది ఒకటే. పరీక్షలయ్యాక ఏదైనా ల్యాబులో రెండు నెలలు ఇంటర్న్‌షిప్. ప్రొఫెసర్లకు మెయిల్ రాసేటప్పుడు "నాకు న్యూరోసైన్స్ అంటే ఆసక్తి" అని వంద మందికి ఒకే మెయిల్ పంపితే ఎవరూ చదవరు. పదిమందినే ఎంచుకుని, ఒక్కొక్కరి పేపరు చదివి, అందులో ఏ ప్రయోగం అర్థం కాలేదో అడగమనండి. ఆ మెయిల్ ఆమే రాయాలి. మీరు రాయకండి, మీ బావమరిది చేత కూడా రాయించకండి.