టీడీఎస్ అంకె చూసి ఆర్ఓ కొనకండి

గీజర్‌లో గార, సబ్బుకు నురగ రాదు, కుళాయిల మీద తెల్ల మరకలు, టీడీఎస్ మీటర్‌లో 480. ఇవన్నీ చెప్పి, ఇంటి మొత్తానికి ఆర్ఓ (నీళ్లలోని లవణాలను వడగట్టే యంత్రం) పెట్టించాలా అని ఒకరు అడిగారు, వద్దండీ. ఆర్ఓ తాగే నీళ్లకు చాలు, ఇల్లంతటికీ పెడితే బోలెడు నీళ్లు వృథా.

ఆ 480 నీళ్లలో కరిగిన లవణాలన్నిటి ఉమ్మడి అంచనా. గార కట్టేది ముఖ్యంగా కాల్షియం, మెగ్నీషియం. వాటిని కొలవడానికి హార్డ్‌నెస్ (నీటి కాఠిన్యం) కిట్ కావాలి. చుక్కల మందు వేస్తూ పోతే ఎర్రటి నీళ్లు నీలంగా మారతాయి, ఎన్ని చుక్కలు పట్టాయో అదే లెక్క. లీటరుకు 180 మిల్లీగ్రాములు దాటితే బాగా కఠిన జలమే.

తర్వాత అవే నీళ్లు మూతపెట్టి కాసేపు మరిగించి, చల్లారాక పైతేటను మళ్లీ పరీక్షించండి. అంకె బాగా పడిపోతే అది బైకార్బనేట్ల కాఠిన్యం, గీజర్ రాడ్‌కు పట్టేది అదే. పెద్దగా తగ్గకపోతే సల్ఫేట్లు, క్లోరైడ్లు ఎక్కువున్నట్టు. వాటికి మరిగించడం పనిచేయదు.

ఈ రెండు రకాల కాఠిన్యానికీ పనికొచ్చేది సాఫ్ట్‌నర్, అంటే నీళ్లను మెత్తబరిచే పరికరం. అందులోని రెసిన్ కాల్షియంను పట్టుకుని సోడియంను వదులుతుంది, అప్పుడప్పుడూ ఉప్పునీళ్లతో కడగాలి. టీడీఎస్ మాత్రం దాదాపు అంతే ఉంటుంది, మీటర్ చూసి కంగారుపడకండి! ఆ నీళ్లలో సోడియం పెరుగుతుంది కాబట్టి వంటింటి కుళాయికి ఆ లైను కలపొద్దు, ముఖ్యంగా ఇంట్లో బీపీ వాళ్లుంటే.

ఈలోగా షవర్ తలను విప్పి కాసేపు వెనిగర్‌లో నానబెట్టి బ్రష్‌తో రుద్దండి. బ్లీచింగ్‌తో మాత్రం వెనిగర్ కలపకండి, విషవాయువు వస్తుంది.