తెర మీద మూడు వేగాలు: పైలట్ చూడవలసింది ఏది?

ప్రశ్న: ఇటీవల హైదరాబాద్‌లో సెస్నా 172 అనే చిన్న విమానం సిమ్యులేటర్‌లో కూర్చునే అవకాశం వచ్చింది. 5,000 అడుగుల ఎత్తులో తెర ఎడమ పక్కనున్న పట్టీ 110 నాట్స్ (గంటకు అన్ని సముద్ర మైళ్లు) చూపుతుంటే, అదే తెర మీద టీఏఎస్ 120, జీఎస్ 104 అని ఉన్నాయి. వీటిలో అసలు వేగం ఏది? వేగం పెరిగినప్పుడు పట్టీ కిందికి ఎందుకు జారుతుంది?
— డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: మూడూ నిజమైనవే. జీఎస్ నేల మీద విమానం సాగుతున్న వేగం. ఎదురుగాలి ఉంది కనుక తగ్గింది. టీఏఎస్ గాలిలో దాని నిజవేగం. అయితే విమానాన్ని నడిపే చేతికి కావలసింది ఎడమ పట్టీలోని 110. రెక్క కింద ఉండే పీటో గొట్టంలోకి దూసుకొచ్చే గాలి ఒత్తిడికీ, చుట్టూ ఉన్న నిశ్చల గాలి ఒత్తిడికీ ఉన్న తేడాను కంప్యూటర్ లెక్కగట్టి ఆ అంకెను ఇస్తుంది. రెక్కను మోసేది కూడా ఆ ఒత్తిడే కాబట్టి, బరువు మారనంతవరకు, ఎంత ఎత్తులోనైనా రెక్క పట్టు తప్పే వేగం ఈ పట్టీ మీద దాదాపు ఒకే చోట ఉంటుంది.

మన ఎండలనే తీసుకోండి. రోహిణి కార్తెలో, 42 డిగ్రీల వేడిలో, నిజాం కాలం నాటి మామునూరు రన్‌వే మీద దిగుతున్నట్టు ఊహించుకోండి. వరంగల్ సముద్రమట్టానికి 300 మీటర్ల ఎత్తైనా లేకపోయినా, ఆ వేడికి గాలి 4,000 అడుగుల ఎత్తులో ఉన్నంత పలుచబడుతుంది. పట్టీ 65 చూపుతున్నప్పుడు నిజవేగం సుమారు 69 ఉంటుంది. నేల వేగంగా వెనక్కి పోతున్నట్టు కనిపించి, కొత్తగా నేర్చుకునేవారు కంగారుపడి ముక్కు పైకెత్తుతారు. నా దృష్టిలో ఇంతకంటే ప్రమాదకరమైన తొందరపాటు లేదు. కంటికి ఎలా తోచినా పట్టీ మీద 65 నిలవాలి.

పట్టీలో సూచిక కదలదు, అంకెలే కదులుతాయి. పెద్ద అంకెలు పైన ఉంటాయి కనుక, వేగం పెరిగేకొద్దీ అవి సూచిక దగ్గరికి దిగివస్తాయి. అంకెల వెంట రంగులు కూడా ఉంటాయి: ఈ విమానంలో తెలుపు 40 నుంచి 85 వరకు ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందికి దించే పలకలు) పూర్తిగా దించి ఎగరదగిన పరిధి, ఆకుపచ్చ 129 వరకు మామూలు ప్రయాణానికి, పసుపు 163 వరకు, అదీ గాలి కుదుపులు లేనప్పుడే, ఆపైన ఎరుపు. పట్టీ పక్కనే సన్నని ఊదారంగు గీత ఒకటి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. వేగం ఇదే తీరున మారితే 6 సెకన్ల తర్వాత ఎంత అవుతుందో అది ముందే చూపుతుంది. దిగేటప్పుడు 65 దగ్గర ఆ గీత 58 వైపు సాగితే, అంకె పడిపోయేదాకా ఆగకుండా అప్పుడే ముక్కు కొంచెం దించాలి, అవసరమైతే పవర్ పెంచాలి.

ఒక్క జాగ్రత్త. తెర ఎంత ఆధునికమైనా దానికి సమాచారం వెళ్లేది ఆ చిన్న గొట్టం నుంచే. తొడుగు వేయకుండా వదిలేస్తే కందిరీగ అందులో మట్టి గూడు కట్టవచ్చు. అందుకే ఎగిరే ముందు గొట్టాన్ని కంటితో చూసుకోవాలి. రన్‌వే మీద పరుగు మొదలైన కొద్దిసేపటికే అంకెలు పెరగకపోతే థ్రాటిల్ (ఇంజిన్ పవర్‌ను పెంచే, తగ్గించే పిడి) వెనక్కి లాగి, విమానాన్ని అక్కడే ఆపేయాలి.