పంజాబీ, సరాయికీ వాళ్లను మాటను బట్టి, వేషాన్ని బట్టి ఎలా గుర్తుపట్టాలి?

ముందు మాట వినండి, బట్టలు తర్వాత. లాహోర్, అమృత్‌సర్ వైపు మాట్లాడే పంజాబీ మాఝీ యాసలో ‘ఘ’, ‘భ’ లాంటి ఒత్తక్షరాలు మాట మొదట్లో ఒత్తు పోగొట్టుకుంటాయి, దాని బదులు గొంతు స్థాయి (టోన్) మారుతుంది: ‘ఘోడా’ (గుర్రం) తగ్గు గొంతుతో ‘కోడా’ అని వినిపిస్తుంది. పాకిస్తాన్ పంజాబ్ దక్షిణాన ముల్తాన్, బహావల్‌పూర్, డేరా ఘాజీ ఖాన్ వైపు మాట్లాడే సరాయికీలో ఆ ఒత్తు నిలిచే ఉంటుంది. పైగా బ, డ, జ, గలకు గాలిని లోపలికి లాగుతూ పలికే జంట ధ్వనులు నాలుగున్నాయి, సింధీలోనూ అంతే. క్రియ ఇంకా తేలిక గుర్తు: ‘చేస్తాను’కి పంజాబీలో ‘కరాంగా’, సరాయికీలో ‘కరేసాం’. అయితే ఝంగ్ లాంటి మధ్య ప్రాంతాల్లో రెండూ కలగలిసిపోతాయి, అక్కడ గీత గీయలేం.

సల్వార్ కమీజ్ చూసి మాత్రం ఏదీ తేల్చకండి, అది అందరిదీ. ఉత్సవాల్లో భుజాన నీలి అజ్రక్ (అచ్చు అద్దకం శాలువా) ఉంటే సరాయికీ గుర్తింపు. ఎరుపు ఎక్కువైతే సాధారణంగా సింధీ. పంజాబ్ ప్రత్యేకత ఫుల్కారీ అనే కుట్టుపని: ముతక ఖద్దరుపై పట్టుదారంతో, గుడ్డ వెనకవైపు నుంచి పోగులు లెక్కపెడుతూ కుడతారు. ఒక్క పోగు లెక్క తప్పినా ముందువైపు నమూనా వంకరపోతుంది. కింది గుడ్డ కనిపించకుండా నిండా కుడితే దాన్ని ‘బాగ్’ అంటారు.