రాళ్ళు పడే ఇంటికి వెళ్తున్న అమ్మడికి

అమ్మడూ,

నువ్వూ నీ స్నేహితులూ ఆ రాళ్ళు పడే ఇంటికి వెళ్తున్నారనీ, దయ్యాల మీటరు కూడా కొన్నారనీ మీ నాన్న ఫోన్ చేశాడు. "అంతా నీ పోలికే అన్నయ్యా" అని తిట్టాడు. పగలంతా మురిసిపోయాను. రాత్రి నిద్ర పట్టలేదు.

మీటరు సంగతి ఒక్క ముక్కలో చెప్తా. ఫ్రిజ్ మోటారు తిరిగినా, గోడలో కరెంటు వైరున్నా అది కదులుతుంది. ముందు మెయిన్ ఆపి చూడు. రాత్రి గుండెల మీద ఏదో కూర్చుంది, కాలూ చెయ్యీ కదల్లేదని ఎవరైనా అంటే నవ్వకు. కలలొచ్చే నిద్రలో ఒళ్ళు మన మాట వినదు. అప్పుడే మెలకువ వస్తే అలాగే ఉంటుంది. రాయి ఎప్పుడు పడింది, ఎవరెక్కడున్నారు, అక్కడికక్కడే రాసుకో. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగాడన్నప్పుడు నేనూ చెంచా పట్టుకుని క్యూలో నిలబడ్డాను. పాలలో చిటికెడు కుంకుమ కలిపితే, విగ్రహం మీంచి జారిన దారి ఎర్రగా కనిపించింది.

ఇక నా తప్పు. సైన్సు మాస్టారి ఉద్యోగం కొత్త. మెదక్ వైపు ఒక ఊళ్ళో దండెం మీది బట్టలు వాటంతటవే అంటుకుంటున్నాయి, ఎవరో బాణామతి, అంటే చేతబడి, చేశారని గోల. జేబులో పర్మాంగనేటు పొట్లం, గ్లిజరిన్ సీసా వేసుకుని వెళ్ళాను. రచ్చబండ మీద పొడి పోసి నాలుగు చుక్కలు వేశాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత భగ్గుమంది. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే నా కొంప ముంచాయి. ఆ ఇంటి చిన్నకోడలి వేళ్ళకి గోధుమరంగు మరకలున్నాయి. పర్మాంగనేటు మరకలే. అందరి ముందూ చూపించి, "ఇదిగో మీ బాణామతి" అన్నాను.

ఆ రాత్రే ఆ పిల్లని కొట్టి పుట్టింటికి తరిమారు. వారం తిరక్కుండా మళ్ళీ బట్టలు కాలాయి. మళ్ళీ వెళ్ళినప్పుడు కొట్టంలోకి తొంగిచూశాను. గేదెకి గాలికుంటు, గిట్టలకి పుళ్ళు పడే జబ్బు. పశువుల డాక్టరు ఇచ్చిన పర్మాంగనేటు కలిపిన నీళ్ళతో రోజూ దాని గిట్టలు కడిగింది ఆ పిల్లేనట. కొట్టం పది అడుగుల దూరం. మొదటిరోజు ఒక్క మాట అడిగుంటే సరిపోయేది. నిప్పు ఎవరు పెట్టారో ఈనాటికీ నాకు తెలియదు. క్షమించమని అడుగుదామని వాళ్ళ ఊరికి బయల్దేరాను. బస్టాండులో గంటసేపు కూర్చుని ఇంటికొచ్చేశాను.

అందుకే అమ్మడూ, ఆ ఊళ్ళో ఒక్క పేరు కూడా నీ నోట రాకూడదు. అనుమానం ఉంటే నోటు పుస్తకంలో ఉంచు. ఎవరి మొహమూ వీడియో తియ్యకు. చేతబడి నెపంతో మనుషుల్ని చంపిన ఊళ్ళున్నాయి మన దగ్గర. తేలకపోతే తేలలేదని చెప్పి వచ్చెయ్, సిగ్గేం లేదు.

చీకట్లో పాడు బావులుంటాయి, చెప్పులతో వెళ్ళకు. టార్చి పంపుతున్నా. అదే పార్శిల్లో మీ పెద్దమ్మ ఆంజనేయస్వామి సింధూరం పొట్లం దోపింది. నేను చూడనట్టు ఊరుకున్నాను. నువ్వూ వాదించకుండా సంచిలో పడేసుకో.

మీ పెద్దనాన్న