పాత మారుతి ఇంజను కొట్టుకుంటుంటే

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ కార్బురేటర్ మారుతి 800 ఇంజను టకటకమంటోందనీ, మెకానిక్ ఇంజను దించాల్సిందేనంటున్నాడనీ రాశావు. అప్పుడే ఒప్పుకోవద్దు. శబ్దం ఎలా ఉందన్నదానికంటే ఎప్పుడు వస్తోందన్నదాన్ని బట్టే జబ్బు బాగా తెలుస్తుంది. ముందుగా బండిని చదునైన చోట ఆపి, కొన్ని నిమిషాలయ్యాక ఆయిల్ మట్టం చూపే కడ్డీ, అదే డిప్‌స్టిక్, తీసి చూడు. ఆయిల్ తక్కువైతే పోసిన తర్వాతే స్టార్ట్ చెయ్యి. ఆయిల్ ప్రెషర్ ఎర్రదీపం వెలుగుతూనే ఉంటే ఇక నడపవద్దు.

ఎత్తెక్కేటప్పుడు, పై గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే సన్నగా, గలగలమన్నట్లు వినిపించి, కాలు తీయగానే ఆగిపోతే లోపం చాలావరకు సిలిండర్లలో పెట్రోల్ మండే తీరుదే. డిస్ట్రిబ్యూటర్ టైమింగ్, అంటే ప్లగ్ నిప్పురవ్వ వేసే సమయం, ముందుకు జరిగినా, పిస్టన్ల మీద మసి పేరుకున్నా, ఇంజను వేడెక్కుతున్నా, పెట్రోల్‌లో కిరోసిన్ కలిసినా ఇలాగే మోగుతుంది. టైమింగ్ లైటుతో సరిచూపించు, రేడియేటర్‌నూ మరవకు.

పొద్దున స్టార్ట్ చేయగానే కొట్టుకుని, ఇంజను వేడెక్కాక తగ్గిపోయే శబ్దం అరిగిన పిస్టన్లది కావచ్చు. ఆయిల్ తాగకుండా, పొగ లేకుండా ఉన్నంతకాలం దానితో బండి నడుపుకోవచ్చు. పైమూత దగ్గర టిక్కుటిక్కుమంటే వాల్వులను కదిలించే టాపెట్లు సెట్ చేయిస్తే చాలు.

అసలు భయపడవలసింది పిస్టన్‌ను, అది తిప్పే క్రాంక్‌షాఫ్ట్ అనే ఇరుసుకు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ శబ్దానికి. అది అడుగు నుంచి బరువుగా వస్తుంది. ఇంజను వేడెక్కి ఆయిల్ పలచబడ్డాక పెరుగుతుంది. కాస్త రేజ్ చేసి ఒక్కసారిగా వదిలినప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజను పక్కన ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, పైనా కిందా పోల్చి విను; ఫ్యాన్ బెల్టుకు మాత్రం దూరంగా ఉండు. తర్వాత ఇంజను ఆపి, ఒక స్పార్క్ ప్లగ్ వైరు తీసి, దానికి వేరే ప్లగ్ తగిలించి, ఆ ప్లగ్‌ను ఇంజను లోహానికి గట్టిగా ఆనేలా కట్టి, కొద్దిసేపు మాత్రమే నడిపి చూడు. మూడు సిలిండర్లనూ ఇలా ఒక్కొక్కటిగా పరీక్షిస్తే, ఏ సిలిండర్‌కు మంట ఆగినప్పుడు మోత బాగా తగ్గుతుందో అనుమానం దాని రాడ్ మీదికే వెళుతుంది. నడుస్తుండగా వైరు ముట్టుకోవద్దు, షాక్ కొడుతుంది.

చిక్కటి ఆయిల్ పోస్తే కొన్నాళ్లు శబ్దం అణుగుతుంది. పాత బండ్లు అమ్మేవారికి పనికొచ్చే విద్య అది, నీకు కాదు. బేరింగేనని తేలితే గ్యారేజీ వరకైనా నడపకుండా కట్టి లాగించుకుని వెళ్లు. విప్పేముందు గేజ్ పెట్టి ఆయిల్ ప్రెషర్ చూడమను. విప్పాక కొత్త బేరింగులు వేసి మూసేస్తానంటే ఒప్పుకోకుండా, క్రాంక్‌షాఫ్ట్‌ను నీ ఎదుటే మైక్రోమీటరుతో కొలిపించి, అరిగి ఉంటే గ్రైండింగ్ చేయించి, దానికి సరిపోయే, లోపలి కొలత తగ్గిన అండర్‌సైజ్ బేరింగులే వేయించు.

ఇట్లు,
మీ మామయ్య