రాజీనామాకు ముందు స్కూలు కాగితాలు వెతకండి

హైటెక్ సిటీ ఉద్యోగం మానేసి కొరియాలోనో జపాన్‌లోనో ఇంగ్లీషు పాఠాలు చెప్పాలనుంది, ఆన్‌లైన్ టెఫెల్ (ఇంగ్లీషు బోధన శిక్షణ) సర్టిఫికెట్ సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. రాజీనామా ఇప్పుడే పెట్టకండి.

కొరియా ఈ-2 టీచర్ వీసా ప్రధానంగా ఇంగ్లీషు మాతృభాషగా గుర్తించిన ఏడు దేశాల పౌరులకే. అందులో మన దేశం లేదు. మీ ఇంగ్లీషు ఎంత బాగున్నా చాలా చోట్ల పాస్‌పోర్టు దగ్గరే ఆపేస్తారు. డబ్బు కట్టించుకునే ఏజెంట్లు ఈ మాట ముందే చెప్పకపోవడం అన్యాయం.

జపాన్‌లో దారి ఉంది. డిగ్రీతో పాటు 12 ఏళ్లు ఇంగ్లీషు మీడియంలో చదివినట్టు కాగితం చాలా చోట్ల చూపించాల్సి ఉంటుంది. పాత స్కూలుకు, ఇంటర్ కాలేజీకి వెళ్లి, మీడియం ఇంగ్లీషు అని స్పష్టంగా రాయించి బోనఫైడ్లు తెచ్చుకోండి. స్కూలు మూతపడి ఉంటే ఈ పనికే నెలలు పడుతుంది, అందుకే ముందు ఇదే మొదలుపెట్టండి.

సర్టిఫికెట్ విషయానికొస్తే, సెల్టా (కేంబ్రిడ్జ్ వాళ్ల ఇంగ్లీషు బోధన సర్టిఫికెట్) అయితే మేలు. అందులో నిజమైన విద్యార్థులకు 6 గంటలు పాఠం చెప్పించి, ట్రైనర్ క్లాసు వెనక కూర్చుని చూస్తారు. ఈలోగా శని, ఆదివారాల్లో మీ దగ్గర్లోని బడిలో పాఠం చెప్పి చూడండి. మీటింగుల్లో ప్రజెంటేషన్లు ఇచ్చిన అలవాటుతో గంటంతా మనమే మాట్లాడేస్తాం. క్లాసులో మాట్లాడాల్సింది పిల్లలు.