ఒకే రకం మిర్చి రెండు లాట్లలో వస్తే

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ వ్యాపారి లెక్కల కోసం జావాలో ప్రోగ్రామ్ రాస్తున్నాను. ఒక్కో లాటుకు రకం పేరు, టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య ఉంటాయి. రకాలవారీ మొత్తం కోసం స్ట్రీమ్‌ను (ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే లాట్ల వరుసను) టుమ్యాప్‌తో (కీ, విలువ జతల పట్టికగా మార్చే పద్ధతితో) పోగుచేస్తే, తేజ రకం రెండో లాటు రాగానే ఇల్లీగల్‌స్టేట్‌ఎక్సెప్షన్ అనే లోపంతో ఆగిపోతోంది. పాత విలువనే ఉంచమని ఒక ఫంక్షన్ చేర్చాను. ఇప్పుడు ఆగడం లేదు గాని, లెక్క తక్కువ వస్తోంది. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆ ఎక్సెప్షన్ మీకు మేలే చేసింది. టుమ్యాప్‌కు కీ (ఇక్కడ రకం పేరు), విలువ (టిక్కీల సంఖ్య) మాత్రమే ఇచ్చినప్పుడు, ఒకే కీ మళ్లీ ఎదురైతే రెండు విలువల్లో దేన్ని ఉంచాలో దానికి తెలియదు కనుక, ఊహించి తప్పు లెక్క ఇవ్వడానికి బదులు పని ఆపేస్తుంది. తేజ మొదటి లాటులో 40, రెండో లాటులో 25 టిక్కీలు ఉన్నాయనుకోండి. పాతదే ఉంచమన్నారు కాబట్టి ఆ 25 ఎక్కడా కనిపించకుండా పోయాయి. రైతుకు చెల్లించవలసిన సొమ్ము ఈ లెక్క మీదే ఆధారపడితే, చడీచప్పుడు లేని ఈ నష్టం ప్రోగ్రామ్ ఆగిపోవడం కంటే ఎంతో ప్రమాదకరం.

ఆ ఫంక్షన్ స్థానంలో రెండు సంఖ్యలను కూడే ఇంటిజర్ సమ్‌ను ఇస్తే 65 వస్తుంది, అదీ సరైనదే. అయినా నేను, ఒకే కీ ఉన్నవాటిని ఒక గుంపుగా చేర్చే గ్రూపింగ్‌బైని ఎంచుకుంటాను: మొదట రకం పేరునిచ్చే ఫంక్షన్‌ను, తర్వాత టిక్కీలను కూడే సమ్మింగ్‌ఇంట్‌ను ఇస్తే, మీ ఉద్దేశం కోడ్ చదివే వారికి వెంటనే అర్థమవుతుంది. రేపు వ్యాపారి మొత్తానికి బదులు సగటు అడిగితే, రెండోదాన్ని ఆవరేజింగ్‌ఇంట్‌గా మారిస్తే చాలు. ఫలితం పేర్ల వరుసలో కావాలంటే, ఈ రెండింటి మధ్య, కీలను వరుసలో ఉంచే ట్రీమ్యాప్‌ను సృష్టించే ఫంక్షన్‌ను ఇవ్వండి. రకం పేరు నల్‌గా (విలువే లేకుండా) ఉన్న లాటు ఒక్కటున్నా గ్రూపింగ్‌బై నల్‌పాయింటర్‌ఎక్సెప్షన్ ఇస్తుంది కాబట్టి, అటువంటివాటిని ముందే వేరుచేసి వ్యాపారికి చూపించండి.

ఒక్కో లాటును తీసుకుని పని చేసే ఫర్‌ఈచ్‌లో బయటి మ్యాప్‌ను (పట్టికను) మారుస్తూ పోయే పద్ధతికి మాత్రం వెళ్లకండి. స్ట్రీమ్‌ను ప్యారలల్ (భాగాలుగా ఏకకాలంలో నడిచేలా) చేసిన రోజున అనేక థ్రెడ్లు (ఏకకాలంలో నడిచే పనులు) ఒకే హ్యాష్‌మ్యాప్‌ను ఒకేసారి మార్చి లెక్కను చెడగొడతాయి. టుమ్యాప్, గ్రూపింగ్‌బైలను వాడే కలెక్ట్ పద్ధతిలోనైతే ఒక్కో భాగం విడిగా పోగై, చివరకు భాగాలను జతచేసే కంబైనర్ ద్వారా కలుస్తుంది.